ఓడిన నాటకమునకు మరల విచారణ

ఒక నాటకము 16 ప్రదర్శనములతో మూతపడినచో అది చెడ్డ నాటకమని తీర్మానించుట మిక్కిలి సులభము. ప్రేక్షకులు నడుమనే లేచిపోయిరి, పత్రికలు మెచ్చలేదు, ధనము పెట్టినవారు నష్టపోయిరి. ఇక విచారింపవలసినదేమున్నదని లోకము ప్రశ్నించును. అట్టి నాటకమును 40 ఏండ్ల పిమ్మట మరల రంగమెక్కించువారిని చూచి, ఆరిన కుంపటిని ఊదుచున్నారని నవ్వువారును కలరు. ఆ నవ్వు అన్ని సందర్భములందును తప్పు కాదు. ఓడిపోయిన నాటకములలో పెక్కింటికి ఆ ఓటమి న్యాయమైనదే. అయినను, న్యూయార్కు నగరపు బ్రాడ్వేయందు 1981లో రెండు వారములైన నిలువజాలక కూలిన 'మెర్రిలీ వుయ్ రోల్ అలాంగ్' అను సంగీతనాటకము 2023లో అదే బ్రాడ్వేయందు నిండు సభలతో నడచి, మరుసటి యేట అమెరికా రంగస్థల పురస్కారములలో అగ్రగణ్యములైన టోనీ బహుమానములను నాలుగింటిని గైకొన్నది. ఒకే నాటకము, ఒకే నగరము. తీర్పులు మాత్రము రెండు. వీనిలో ఏది న్యాయమైనదో, ఓడిన నాటకమునకు పునర్విచారణ ఎప్పుడు తగునో ఆలోచించుట నాటకాభిమానులమగు మనకు అనుచితము కాదు.

ఆ దేశపు సంగీతనాటకమును మన పద్యనాటకముతో పోల్చుట కొంతవరకే చెల్లును. మన రంగస్థలముపై నటుడు రాగమును తన యిచ్చవచ్చినట్లు సాగదీయును. సభ 'వన్స్ మోర్' అనినచో చచ్చి పడియున్న పాత్రయు లేచి పద్యమును మరల పాడుట మన పెద్దలు చెప్పుకొని నవ్వుకొను సంగతియే. అక్కడ అట్లు కాదు. వాద్యబృందము, నృత్యము, సంభాషణము, గానము ఒకదానితో నొకటి ముందుగనే బిగింపబడియుండును. ఒక మేకు ఊడినచో మొత్తము కదలిపోవును. అందుచేతనే అక్కడి ఓటములు అంత ఘోరములు, అంత వ్యయసాధ్యములు.

ఈ నాటకమునకు పాటలను, సంగీతమును కూర్చినవాడు స్టీఫెన్ సోండ్‌హైమ్. ప్రయోక్త హెరాల్డ్ ప్రిన్స్. ఈ ఇరువురును 1970లో 'కంపెనీ', 1971లో 'ఫాలీస్', 1979లో 'స్వీనీ టాడ్' మున్నగు నాటకములతో అమెరికా సంగీతరంగమును మలుపు త్రిప్పినవారు. 'కంపెనీ'కి కథాసంభాషణములను వ్రాసిన జార్జి ఫర్త్‌యే దీనికిని వ్రాసెను. జార్జి కాఫ్‌మన్, మాస్ హార్ట్ అనువారలు 1934లో రచించిన ఒక వచననాటకము దీనికి మూలము. ఇంతటి ఘనులు కూడియు ఎట్లు పరాజితులైరో చూడవలయును.

కథ సామాన్యమైనది, చెప్పిన విధము మాత్రము విపరీతమైనది. ఫ్రాంకు సంగీతకర్త, చార్లీ పాటల రచయిత, మేరీ కథారచయిత్రి. ముగ్గురును ప్రాణమిత్రులు. ఫ్రాంకు ధనమునకు, కీర్తికి లోబడి సంగీతమును విడిచి చలనచిత్ర నిర్మాతయగును. చార్లీతో బద్ధవైరము కలుగును. మేరీ త్రాగుడునకు బానిస యగును. నాటకమీ పతనముతో ఆరంభమై వెనుకకు నడచును. ప్రతి రంగమును ముందటి రంగమునకు కొన్నియేండ్ల వెనుకటిది. తుదకు 1957లో ఒక మిద్దెపై ఆ ముగ్గురును, 20 ఏండ్ల ప్రాయమున, ఆకాశమున సాగిపోవు రష్యా ఉపగ్రహము స్పుత్నిక్‌ను చూచుచు లోకమంతయు తమదేయని భావించు ఘట్టముతో తెర పడును. మొదట కట్టెయు బూడిదయు చూపి, తరువాత చెట్టును, కడపట విత్తనమును చూపినట్లన్నమాట. ఆ ముగ్గురి ఆశ యెంత గొప్పదైన, అది యేమి కానున్నదో ప్రేక్షకునకు ముందే తెలిసియుండుటచే ఆ సంతోషమే దుఃఖమగును.

ఈ కథకు ప్రిన్స్ ఎన్నుకొనిన నటులందరును ఇంచుమించు 16 మొదలు 25 ఏండ్లలోపు వారు. కడపటి రంగమున యువకులుగా కనబడవలసినవారు నిజముగా యువకులే యైనచో ఆ ముగింపు హృదయమునకు హత్తునని ఆయన యూహ. ఊహగా చూచినచో చక్కనిదే. కాని నాటకము ముగింపుతో ఆరంభమగును గదా! తెర లేచునప్పటికి ప్రేక్షకునికి కనబడినది మీసకట్టు సరిగా రాని పిల్లలు, 40 ఏండ్లవారి అలసటను, విడాకులను, వ్యాపారపు కుత్సితములను అభినయించుట. ఎవరు ఎవరో గుర్తించుట కష్టమయ్యెను. ముందుగా కుట్టించిన దుస్తులను పారవైచి, ఎవరు ఎవరో తెలియుటకై పాత్రల పేర్లు అచ్చువేసిన చొక్కాలను తొడిగిరి. నాయకపాత్రధారిని మార్చిరి. నృత్యదర్శకుని మార్చిరి. ప్రారంభ దినమును వాయిదా వేసిరి. పత్రికలవారిని పిలువక ముందుగా ఆడు పరీక్షా ప్రదర్శనములు 52 జరిగెను. వానియందే జనులు గుంపులుగా లేచిపోవుచుండిరి. ఆ వార్త ఊరంతయు ప్రాకెను. 1981 నవంబరు 16న ఆల్విన్ నాటకశాలలో అధికారముగా తెర లేచెను; అదే నెల 28న పడిపోయెను. 'న్యూయార్క్ టైమ్స్' విమర్శకుడు ఫ్రాంక్ రిచ్ పాటలలో కొన్నింటిని మెచ్చుకొనియు నాటకమును మెచ్చజాలకపోయెను. ప్రిన్స్, సోండ్‌హైమ్‌లు మరల కలిసి ఒక క్రొత్త నాటకమును పట్టుటకు 2003 వరకు ఆగవలసివచ్చెను.

ఇచ్చట విచారింపదగిన ముఖ్యాంశ మొకటి కలదు. సంగీతనాటకములందు ఒక పాటను మొదట పూర్ణముగా వినిపించి, తరువాత వేరొక సందర్భమున కొంత మార్పుతో మరల వినిపించుట ఆచారము. వినువాడు పూర్వపు సందర్భమును తలచుకొని క్రొత్త అర్థమును గ్రహించును. ఈ నాటకమున కాలము వెనుకకు నడచుటచే సోండ్‌హైమ్ ఆ ఆచారమును తలక్రిందులు గావించెను. పునరావృత్తి ముందు, మూలము వెనుక. 'నాట్ ఎ డే గోస్ బై' అను పాట మొదట విడాకుల ఘట్టమున కటువుగా వినబడును. గంట గడచిన పిమ్మట అదే పాట వివాహఘట్టమున మధురముగా వినబడును. మొదటిసారి విన్నవానికి అది యొక చేదు పాట మాత్రమే. దాని లోతు రెండవసారి విన్నవానికిగాని తెలియదు. నాటకమంతయు ఇట్టి కూర్పే. అనగా రెండుసార్లు వినుటకై నిర్మింపబడిన కృతికి లోకము ఒకేసారి, అదియు విసుగుతో, చెవియొగ్గినది. 1981 నాటి తీర్పు అబద్ధమని మేమనుట లేదు. ఆనాడు ఆడిన ఆట సరిగా లేదన్నది నిజమే. కాని ఆ తీర్పు ఆటపై చెల్లునుగాని కృతిపై చెల్లదు. ఆట వేరు, కృతి వేరు అను భేదమును విస్మరించుటచేతనే నాటకములకు అన్యాయము జరుగుచుండును.

కృతి బ్రదుకుటకు కారణము రికార్డు. నాటకము మూతపడిన మరునాడే, అనగా నవంబరు 29న, ఆ పిల్లలందరును రికార్డుల కంపెనీ గదిలో చేరి పాటలన్నింటిని పాడిరి. ఓడిన సేన పాళెమెత్తివేయుటకు ముందు ఒక్క రాత్రి కూర్చుండి యుద్ధమును వర్ణించినట్లుండెను. ఆ పాటలను ఇంటికడ మరల మరల విన్నవారు, ఇంత చక్కని సంగీతముగల నాటకమెట్లు ఓడెనని ఆశ్చర్యపడిరి. 'గుడ్ థింగ్ గోయింగ్' అను పాటను ఫ్రాంక్ సినాత్రా అంతటివాడు తన రికార్డున చేర్చుకొనెను. న్యాయస్థానమున కేసు ఓడినను సాక్ష్యపు కాగితములు భద్రముగా నుండెనన్నమాట. అవియే లేకున్నచో అపీలు చేయుటకు ఆధారముండెడిది కాదు.

అటుపిమ్మట జరిగినది మొండిపట్టు కాదు, మరమ్మతు. ఈ భేదమును గమనింపవలయును. 1985లో కాలిఫోర్నియాలోని లా హోయా నాటకశాలయందు జేమ్స్ లపైన్ దర్శకత్వమున రచయితలు కృతిని విప్పి మరల కుట్టిరి. పూర్వము నాటకము ఒక పాఠశాల పట్టప్రదానోత్సవముతో ఆరంభమగుచుండెను, దానిని తీసివేసిరి. ఫ్రాంకు కేవలము ద్రోహిగా తోచుచున్నాడని గ్రహించి, అతని మనస్సును తెలుపు క్రొత్త పాటను చేర్చిరి. 1992లో ఇంగ్లాండునందలి లెస్టర్ నగరమున, 1994లో న్యూయార్కునందే యార్క్ అను చిన్న నాటకశాలలో మరికొన్ని సవరణలతో ఆడిరి. 2000లో లండనునందు డాన్మర్ వేర్‌హౌస్ వారు ప్రదర్శింపగా, ఆ నగరపు ఆలివియర్ పురస్కారములలో 2001లో ఉత్తమ నూతన సంగీతనాటకముగా బహుమానము లభించెను. ఇరువది యేండ్ల పాత నాటకమునకు 'నూతన' బహుమానము! అచ్చటి నియమముల ప్రకార మది సక్రమమే యైనను వినుటకు వింతగా నుండును.

మన గురజాడ అప్పారావుగారు 'కన్యాశుల్కము'ను 1892లో విజయనగరమున ఆడించి, 1897లో అచ్చువేయించి, తృప్తిపడక 1909లో ఇంచుమించు క్రొత్త కృతియనదగునంతగా పెంచి తిరుగ వ్రాసిన సంగతి పాఠకులకు విదితమే. అది ఓడిన నాటకము కాదు. ఐనను కర్త దానిని వదలలేదు. నేడు మనము చదువునది, ఆడునది రెండవ కూర్పే. నాటకము మొదటి రాత్రితోనే పూర్తియగు వస్తువు కాదనుటకు వేరు సాక్ష్యమేల?

లెస్టరులో మేరీ పాత్రను ధరించిన నటి మేరియా ఫ్రీడ్‌మన్. ఇరువది యేండ్లు గడచినపిమ్మట, 2012లో, లండనునందు మీనియర్ చాకొలేట్ ఫ్యాక్టరీ అను చిన్న రంగశాలలో ఆమెయే ఈ నాటకమునకు దర్శకురాలయ్యెను. పాత్రలోపలనుండి నాటకమునెరిగిన మనిషి చేతికి అది చిక్కుట భాగ్యము. ఆమె కాలముతో ఆడుకొను చాతుర్యమునకు గాక ముగ్గురి స్నేహమునకు ప్రాధాన్యమిచ్చెను. ఆ ప్రదర్శనమే 2013లో లండను పెద్ద నాటకశాలకును, 2017లో బోస్టన్ నగరమునకును, 2022 చివరను న్యూయార్కునందలి ఒక చిన్న రంగశాలకును, 2023 అక్టోబరు 10న బ్రాడ్వేయందలి హడ్సన్ నాటకశాలకును ప్రయాణము చేసెను. సోండ్‌హైమ్ మాత్రము బ్రాడ్వే విజయమును చూడలేదు. ఆయన 2021 నవంబరు 26న మరణించెను. ఫర్త్ 2008లోను, ప్రిన్స్ 2019లోను అంతకుముందే గతించిరి.

మీనియర్, డాన్మర్, న్యూయార్క్ థియేటర్ వర్క్‌షాప్ — ఈ రంగశాలలన్నియు 200, 250 ఆసనములకు అటునిటుగా గలవి. ఓడిన నాటకము పెద్ద నాటకశాలలో కోలుకొనజాలదు. అక్కడ వారము వారము అద్దె, వాద్యకారుల జీతములు, దీపముల ఖర్చు రాబడిని మింగుచుండును. పదిదినములు సభ పలుచబడినచో మూసివేయక తప్పదు. మంచిచెడ్డలను తూచుటకు అక్కడ వ్యవధి యుండదు, లెక్కల పుస్తకమే న్యాయమూర్తి. చిన్న శాలలో తప్పు చేసిన సహించుట చెల్లును, సవరించుకొనుటకు వీలుండును. బ్రాడ్వే 13 దినములలో ఇచ్చిన తీర్పును ఆ చిన్న శాలలు 40 ఏండ్లపాటు ఓపికతో తిరుగదోడినవి.

దీనికొక ఆక్షేపణ కలదు. దాని నుపేక్షింపరాదు. 2023లో జనము వచ్చినది నాటకమును చూచి కాదనియు, చార్లీ పాత్రను ధరించిన డేనియల్ రాడ్‌క్లిఫ్‌ను చూచియనియు కొందరందురు. హ్యారీ పాటర్ చిత్రములలో బాల్యమునుండి లోకప్రసిద్ధుడైన నటుడాతడు. మంచి ఆసనమునకు వందలాది డాలర్లు పలికినవి. ఆ ధర పెట్టగలవారు పేరును చూచి కొందురనుట అబద్ధము కాదు. పైగా కర్త అప్పుడే కీర్తిశేషుడగుటచే సానుభూతియు తోడయ్యెను. ఈ వాదమున సత్యాంశ మున్నది. కాని పేరుగల నటుడు మొదటి వారములకు జనమును తేగలడుగాని, 2023 అక్టోబరు మొదలు 2024 జులై వరకు సభను కూర్చుండబెట్టుట పేరువలన కాదు. ప్రసిద్ధ నటులను పెట్టుకొనియు కూలిన నాటకములు ఆ వీధిలో ప్రతి యేటను కనబడుచునే యున్నవి.

మరియొకటి. ఫ్రాంకుగా జోనథన్ గ్రాఫ్, చార్లీగా రాడ్‌క్లిఫ్, మేరీగా లిండ్సే మెండెజ్ నటించిరి. ముగ్గురును ఇంచుమించు 34 మొదలు 40 ఏండ్ల వయస్సువారు. నలువది యేండ్ల అలసటను మోయుటకు చాలినవారు, ఇరువది యేండ్ల ఉత్సాహమును మరువనివారు. 1981 నాటి ప్రధాన దోషము ఇట్లు తొలగెను. వయస్సు చెల్లినవాడు యువకునిగా నటింపగా ప్రేక్షకుడు క్షమించును. అందున్న విషాదము ఈ కథకు మేలే చేయును. యువకుడు వయస్సు చెల్లినవానిగా నటింపగా నవ్వు వచ్చును. ఇంత స్వల్ప సత్యము అంతటి ప్రయోక్తకు తోచకపోవుట చిత్రము. గ్రాఫ్, రాడ్‌క్లిఫ్‌లకు నటనకును, జోనథన్ ట్యూనిక్‌నకు వాద్యసమ్మేళనమునకును, నాటకమునకు ఉత్తమ పునఃప్రదర్శనముగాను టోనీ బహుమానములు లభించెను. ట్యూనిక్ 1981లోను ఇదే నాటకమునకు వాద్యములను కూర్చినవాడు. ఆనాటి కష్టములో పాలుపంచుకొని ఈనాటి గౌరవమునకు నిలిచిన కొద్దిమందిలో ఆయన యొకడు.

ఇంతమాత్రమున ఓడిన ప్రతి నాటకమునకును రెండవ తెర ఎత్తవలయునని మేము చెప్పము. 'క్యారీ' అను సంగీతనాటకము 1988లో బ్రాడ్వేయందు 70 లక్షల డాలర్లకు పైబడిన వ్యయముతో వచ్చి 5 ప్రదర్శనములతో ముగిసెను. దానిని 2012లో తగ్గించి, దిద్ది, చిన్న శాలలో ఆడిరి. అపహాస్యము తగ్గెను, ఉత్సాహము పుట్టలేదు. ఆ పునఃప్రదర్శనమును చిరకాలము సాగలేదు. 'చెస్' అను దాని సంగతి మరియొక తీరు. ఆబా గాయకబృందమునకు చెందిన బెన్ని ఆండర్సన్, బ్యోర్న్ ఉల్వేయస్‌లు స్వరపరచిన ఆ నాటకపు పాటలు ముందుగనే రికార్డులలో వచ్చి ప్రపంచమంతట మ్రోగినవి. 1986 నుండి లండనునందు బాగుగనే నడచినది. 1988లో కథను మార్చి బ్రాడ్వేకు తేగా రెండు నెలలకే ముగిసెను. నాటినుండి దానిని పట్టినవారెల్లరును కథను తిరుగ వ్రాయుచునే యున్నారు. 2025 నవంబరులో డానీ స్ట్రాంగ్ అను రచయిత వ్రాసిన మరియొక కథతో బ్రాడ్వేకు తిరిగివచ్చెను. పాటలు ఎంతటివైనను, ప్రతి సారియు క్రొత్త కథను వెదకుకొనవలసిన నాటకము ఇంకను నాటకము కాలేదనియే మా అభిప్రాయము. అది మంచి రికార్డు. దానిని ఇంటికడ వినిన చాలును. 'మెర్రిలీ'ని అట్లనరాదు. దానియందు 40 ఏండ్లలో రంగములు సర్దబడినవి, పాటలు కొన్ని మారినవి. ఆ ముగ్గురు, ఆ స్నేహము, ఆ వెనుకనడక మారలేదు. మూలమున గట్టి వస్తువు ఉన్నదా, లేక దానికై వెదకుచున్నామా అన్నదే మరమ్మతు చేయువాడు ముందుగా తేల్చుకొనవలసిన ప్రశ్న.

ఒక విచిత్రమును చెప్పకుండుట తగదు. 1956లో లెనార్డ్ బర్న్‌స్టైన్ సంగీతముతో వచ్చిన 'కాండీడ్' 73 ప్రదర్శనములతో ముగిసి, మంచి సంగీతమునకు పట్టిన దుర్గతియని పేరొందినది. దానిని 1973లో బ్రుక్లిన్‌లోని ఒక చిన్న శాలలో క్రొత్త సంభాషణములతో, ప్రేక్షకుల నడుమనే నటులు తిరుగునట్లు ఆడించి, 1974లో బ్రాడ్వేకు తెచ్చి 740 ప్రదర్శనములు నడపినవాడెవరనగా హెరాల్డ్ ప్రిన్సే. ఒరుల ఓటమిని సరిదిద్దుటకు కావలసిన దూరము ఆయనకు లభించెను; తన నాటకము విషయమున 1981లో అది లభింపలేదు. అంత దగ్గరగా పట్టుకొనిన అద్దమున ముఖము కనబడదు. తన ఓటమిని సరిదిద్దుకొనుటకు ఒక లపైన్, ఒక ఫ్రీడ్‌మన్ రావలసివచ్చిరి.

మన నాటకసమాజములు 'పాండవోద్యోగ విజయములు', 'సత్యహరిశ్చంద్రీయము', 'చింతామణి' వంటి జనాదరణము నందినవానినే మరల మరల ఆడినవి. అది దోషము కాదు. కాని ఒకటి రెండు రాత్రులలో చప్పబడిన నాటకపు వ్రాతప్రతిని తీసి, ఇందు దోషమెవరిది, రచనదా, పాత్రధారులదా, ఆనాటి సభదా అని అడిగినవారు అరుదు. పరిషత్తు పోటీలలో నాటకమున కొక్కరాత్రియే ఆయువు. బహుమానము రాకున్న మరల దాని మాట యెత్తరు. సురభివారివలె తరతరములుగా రంగమునే నమ్ముకొనినవారి చేతికో, ఓపికగల ఒక చిన్న సమాజము చేతికో అట్టి ప్రతి చిక్కినచో ఏమగునో చూడవలసినదే.

హడ్సన్ నాటకశాలలోని ప్రదర్శనమును చిత్రముగా బంధించి 2025 డిసెంబరులో చలనచిత్రశాలలలో విడుదల చేసినారు. వందల డాలర్లు పెట్టజాలనివారికి అది మేలైనది. ఇంతకంటె వింతయైన ప్రయత్నము మరియొకటి సాగుచున్నది. రిచర్డ్ లింక్‌లేటర్ అను అమెరికా దర్శకుడు ఇదే నాటకమును చలనచిత్రముగా తీయుటకు 2019లో ఆరంభించి, సుమారు 20 ఏండ్లపాటు అప్పుడప్పుడు తీయుటకు నిశ్చయించినాడు. నటులకు రంగు పూసి వయస్సు పెంచుట గాని, యువకులను ముదుసళ్ళుగా నటింపజేయుట గాని ఆయనకు సమ్మతము కాదు. వారు నిజముగా ముదియువరకు వేచియుండును. ఇప్పుడు యౌవనమున తీసిన ఘట్టములు చిత్రమునకు ముగింపు కావలసియున్నవి. ఆరంభఘట్టములకై 2040 ప్రాంతము వరకు ఎదురుచూడవలయును.